ఇంజను మీద తడి సున్నం

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. నాలుగో తరగతితో బడి మానేసినా ఆపాటి బుద్ధి నాకుంది. పిల్లలెవరన్నా పెరట్లో ఏదో కదిలింది నానమ్మా అంటే, పనిలేకపోతే అట్లాగే కనపడుతుందని బియ్యం చాట చేతికిచ్చేదాన్ని. అల్లా దగ్గరికి వెళ్ళినవాళ్ళకి మళ్ళీ మన ఇంట్లో పనేముంటుంది? ఇప్పటికీ చాలావరకు అదే అనుకుంటాను. కానీ పోయిన వేసవిలో మా వాకిట్లో పట్టపగలు ఒకటి జరిగింది. దాన్ని ఎక్కడ సర్దుకోవాలో తెలియక, మనవరాలి నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను.

మాది తిరువూరు. మా ఆయన మస్తాన్ ముప్ఫై ఏళ్ళు జీపు తోలాడు. మొదట వినగడపకి జనాన్ని ఎక్కించుకునేవాడు. ఆటోలొచ్చి జనం తగ్గాక, మామిడికాయల రోజుల్లో రెడ్డిగూడెం తోటల నుంచి కాయలు తెచ్చేవాడు. ఆ రెండు నెలలూ నేనూ ముందు సీట్లో కూర్చుని వెళ్ళేదాన్ని, కాయలు ఏరడానికి. కూలి మనిషిని పెట్టడం దండగ అని అందరికీ చెప్పేదాన్ని. నిజం ఇప్పుడు రాస్తే తప్పేముంది. నలుగురు పిల్లలు, అత్తగారు, ఆడపడుచు ఉన్న ఇంట్లో, మేమిద్దరం నిదానంగా మాట్లాడుకున్నది ఆ జీపులోనే.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. మా అబ్బాయి బాజీ జీపుని అప్పుడప్పుడు తీసేవాడు గానీ, రేడియేటర్లో నీళ్ళు నిలిచేవి కావు. పొద్దున నిండా పోస్తే మధ్యాహ్నానికి చెంబెడు తగ్గేవి. కింద చూస్తే నేల పొడిగా ఉండేది. మెకానిక్కు కోటేశ్వరరావు రబ్బరు గొట్టాలు మార్చాడు. వారం ఆగి మళ్ళీ తగ్గాయి. మూత మార్చాడు. మళ్ళీ అంతే. నీళ్ళ పంపు విప్పి కొత్తది వేశాడు. పది రోజులు బాగుంది, హమ్మయ్య అనుకున్నాం. పదకొండో రోజు నెమలి ఊరికి వెళ్ళే దారిలో పొగలు కక్కి ఆగిపోయింది.

మధ్యలో నేనూ ఒక ఘనకార్యం చేశాను. చిన్న చెమ్మ వస్తుంటే మా ఆయన రేడియేటర్లో చిటికెడు పసుపు వేసేవాడు. పసుపు ఉబ్బి సన్న చిల్లుల్ని పూడుస్తుంది. చిటికెడే అంత పనిచేస్తే గుప్పెడు ఇంకెంత పనిచేస్తుందోనని గుప్పెడు వేశాను. లోపలి గొట్టాలన్నీ ముద్దకట్టి పూడుకుపోయాయి.

కోటేశ్వరరావు మూత తీసి వాసన చూశాడు. "పిన్నిగారూ, తాలింపు కూడా పెట్టాల్సింది, అన్నంలో కలుపుకునేవాళ్ళం."

"నోర్మూసుకుని కడుగు" అన్నాను.

కడుగుతూ ఇంకో మాట అన్నాడు. "ఇన్నేళ్ళూ కూలెంటు పొయ్యకుండా బోరు నీళ్ళు పోశారు. లోపలంతా తుప్పే. బాబాయిగారికి తెలియదా ఏంటి?"

ఆయనకి తెలుసు. ఒకసారి ఆకుపచ్చ కూలెంటు డబ్బా తెచ్చాడు కూడా. నీళ్ళు కొనుక్కొచ్చి పోసే మనిషిని నిన్నే చూస్తున్నానని, నేనే ఆ డబ్బా వెనక్కి ఇప్పించాను. కోటేశ్వరరావుకి ఆ సంగతి చెప్పలేదు.

చివరికి బాజీ విసిగిపోయాడు. "అమ్మా, ఇంక నావల్ల కాదు. శుక్రవారం సాయంత్రం పాత ఇనుము కొనేవాళ్ళొస్తారు. ఈలోపల కారేదెక్కడో దొరికితే ఉంచుదాం, లేకపోతే ఇచ్చేద్దాం" అన్నాడు. "అయినా ఇనుము మీద ఇంత ప్రేమేంటమ్మా నీకు? మామీద ఎప్పుడన్నా చూపించావా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

మా ఆయన పనితీరు ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఆయన ఆకూవక్కా వేసేవాడు. ఎడమ బొటనవేలి మీద ఎప్పుడూ కాస్త సున్నం ఉండేది. ఇంజన్లో ఎక్కడన్నా కారుతుందని అనుమానం వస్తే, అక్కడ ఆ సున్నంతో చుక్క పెట్టి కిందికి చిన్న గీత లాగేవాడు. ఇంజను చల్లారాక చోటు వెతుక్కోకుండా అది గుర్తు. మా ఇంట్లో ఆకు వేసేవాళ్ళు మరొకరు లేరు.

శుక్రవారం పొద్దున బాజీ జీపుని వాటర్ సర్వీసుకి తీసుకెళ్ళి, కొనేవాళ్ళకి శుభ్రంగా కనపడాలని ఇంజన్ని కిరసనాయిలుతో తోమించి, పైపుతో నీళ్ళు కొట్టించి తెచ్చాడు. వాకిట్లో ఆపి, ఇంజను ఆరాలని బానెట్ ఎత్తిపెట్టి, జుమ్మా నమాజుకి వెళ్ళాడు. కోడలు పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళి ఉంది. గేటుకి లోపలి గడియ నేనే పెట్టాను.

నా నమాజు అయ్యాక వరండాలో మంచం మీద కూర్చున్నాను, ఇంజను చల్లారితే ఆఖరిసారి నీళ్ళు పోద్దామని. పగలు నిద్రపోయే అలవాటు నాకు లేదు. ఆరోజు కన్ను అంటుకుంది. లేచేసరికి బాజీ ఇంకా రాలేదు. గేటు గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

చెంబుతో వెళ్ళి నీళ్ళు పోసి మూత బిగించాను. ఇంక రేపు ఉండదు కదా అని పక్కకొచ్చి ఇంజన్ని చూస్తూ నిలబడ్డాను. వెనక, ఇంజనుకీ డ్రైవరు ముందుండే రేకుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. అందులో తెల్లగా ఏదో కనపడింది. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి లోపలికి పట్టాను.

చుక్క. కిందికి గీత.

వేలు దూర్చి తాకితే అంటుకుంది. తడిగా ఉంది. నాలిక మీద పెట్టుకుంటే చురుక్కుమంది. సున్నమే.

కోటేశ్వరరావుకి ఫోన్ చేశాను. వచ్చి అద్దంలో చూశాడు.

"ఎవరు పెట్టారు పిన్నిగారూ ఇది?"

"నువ్వు కాదా?"

"నేను ఆకు ముట్టనని మీకు తెలుసుగా" అన్నాడు మెల్లగా.

ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాం. సరిగ్గా ఆ చుక్క దగ్గర సన్నగా ఆవిరి లేచింది. అక్కడ ఇంజను గోడకి గుండ్రటి ఇనప బిళ్ళ ఒకటి బిగించి ఉంటుందట. అది తుప్పుపట్టి సూది మోపినంత చిల్లు పడింది. ఇంజను వేడెక్కితేనే కారుతుంది, కారిందల్లా ఆ వేడికే ఆవిరైపోతుంది. అందుకే నేల పొడిగా ఉండేది. బోరు నీళ్ళ తుప్పు. అంటే నా చలవే.

బాజీ మాట మీద నిలబడ్డాడు. ఇనుము వాళ్ళని గేటు బయటి నుంచే పంపేశాడు. గేరుబాక్సు దించి ఆ బిళ్ళ మార్చడానికి రెండు రోజులు పట్టింది. ఈసారి కూలెంటు నేనే తెప్పించి పోయించాను.

నేను ఊరికే నమ్మేసే రకం కాదు. వాటర్ సర్వీసులో అడిగాను, వాళ్ళు సున్నం మాటే ఎరగరు. ఒకవేళ పొద్దున అక్కడ ఎవరన్నా పెట్టినా, అంత వేడి ఇంజను మీద ఆరకుండా ఎట్లా ఉంటుంది? ఆయన సున్నం డబ్బా వెతికి తీశాను. లోపల రాయిలా బిగుసుకుపోయి ఉంది. బాజీ మాత్రం "నాన్న పాత గుర్తే అమ్మా, నీళ్ళకి నానింది" అంటాడు. కిరసనాయిలుతో తోమినా పోలేదా అని అడిగితే మాట మారుస్తాడు. మసీదు హజ్రత్‌గారు "దువా చెయ్యమ్మా, ఎక్కువ ఆలోచించకు" అన్నారు.

భయం వెయ్యలేదు నాకు. కోపం వచ్చింది. వాకిలి దాకా వచ్చిన మనిషి వరండా ఎక్కకూడదా? నాలుగడుగులు. లేపితే లేవనా? కూలెంటు డబ్బా సంగతి తప్పు నాదేనని ఒక్క మాట చెప్పేదాన్ని. ఏరోజూ పగలు పడుకోనిదాన్ని, ఆ కాసేపే ఎందుకు పడుకున్నానో అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అదేంటో నాకు తెలియదు. ఎవరన్నా చెబితే వింటాను, కానీ వాళ్ళకీ తెలుస్తుందనుకోను.

జీపు బాగుంది. ఈ వేసవిలో రెడ్డిగూడెం రెండుసార్లు వెళ్ళొచ్చాం. మధ్యాహ్నం ఇంజను చల్లారాక నేను రోజూ రేడియేటరు మూత తీసి చూస్తాను. అంచుదాకా నిండే ఉంటుంది. మొన్న బాజీ చూశాడు.

"ఇంకా ఎందుకమ్మా చూస్తావు? అది ఇంక కారదు."

"తెలుసురా" అని మూత బిగించాను.