కొమ్మల మాస్టారి నాలుగో బటన్

కొమ్మల మాస్టారు ఎవరినైనా ఒక ప్రశ్న అడిగి ఊరుకోరు. ప్రశ్నతోపాటు జవాబులు కూడా ఆయనే ఇస్తారు, వాటిలో ఒకటి ఏరుకోవడమే ఎదుటివాళ్ళ పని. కాఫీ తాగుతారా అని లోకమంతా అడుగుతుంది. ఆయన మాత్రం, "కాఫీ తాగుతారా, ఇప్పుడే తాగానంటారా, కాసేపాగి చూద్దామంటారా, లేకపోతే ఏమీ చెప్పకుండా కూర్చుంటారా?" అంటారు. ఇదంతా విని ఒకటి ఎంచుకునేసరికి కాఫీ చల్లారిపోతుంది.

అలవాటు ఉద్యోగంలోంచి వచ్చిందో, ఉద్యోగమే అలవాటులోంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. పనికోసం ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇక్కడి భాష నేర్పే బడి ఒకటుంది. మందుల షాపు మేడ మీద రెండు గదులు, వరసగా కంప్యూటర్లు. ఆ కంప్యూటర్లలో నేర్చుకునే పాఠాలు మాస్టారు రాస్తారు. తెర మీద ఒక మనిషి కనబడి ఏదో అడుగుతాడు, కింద జవాబులు బటన్లుగా ఉంటాయి, ఏది నొక్కితే కథ అటు తిరుగుతుంది. ఒక్కో జవాబు ఒక్కో కొమ్మ, కొమ్మకి మళ్ళీ రెమ్మలు. అందుకని ఆయనకి ఆ పేరు. పెట్టింది పక్క కుర్చీలో కూర్చుని ఆ కొమ్మలన్నిటికీ బొమ్మలు గీసే ఆవిడ. ఆవిడకి బొమ్మలావిడ అని మాస్టారు పేరు పెట్టారు కాబట్టి చెల్లుకు చెల్లు.

మిగతా చోట్ల ఇలాంటి పాఠాల్లో తప్పు జవాబు నొక్కితే ఎర్రటి ఇంటూ గుర్తు వస్తుంది, మళ్ళీ మొదటికి పొమ్మంటుంది. మాస్టారికి ఎర్ర రంగు గిట్టదు. ఆయన పాఠంలో ఎన్ని తప్పులు చేసినా కథ ఆగదు. కూరగాయల దుకాణం పాఠంలో కిలో ఉల్లిపాయలు అడగబోయి ఎవరైనా బస్తా అడిగేశారనుకోండి, దుకాణదారు నిక్షేపంగా బస్తా ఇచ్చేస్తాడు. దాన్ని ఇంటికి మోయడానికి ఆటోవాడితో బేరం, మెట్ల మీద పెట్టినందుకు ఇంటివాళ్ళతో తగువు, సగం తీసుకోమని పక్కింటావిడని బతిమాలడం, ఆఖరికి వీధి చివర ఉల్లిపాయలు అమ్ముకోవడం. సరైన జవాబు చెప్పినవాళ్ళు కిలో ఉల్లిపాయలతో ఇల్లు చేరి బిక్కమొహం వేసేవాళ్ళు. తెలివైనవాళ్ళు రెండోసారి కావాలనే బస్తా అడిగేవాళ్ళు. ఆ దారిలో నేర్చుకున్నన్ని మాటలు వేరే ఏ పాఠంలోనూ లేవని బడిలో అందరికీ తెలుసు.

ఈ సంబరమంతా నేర్చుకునేవాళ్ళకి. బొమ్మలావిడకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. ప్రతి కొమ్మకీ ముఖం గీయాలి. ముఖమంటే మాస్టారికి ఏదో ఒక ముఖం చాలదు. పోస్టాఫీసు గుమాస్తా కోపంగా ఉన్న బొమ్మ గీస్తే, "ఇది ఎదుటివాళ్ళ మీద కోపమమ్మా. మనకి ఇంట్లోంచి మోసుకొచ్చిన కోపం కావాలి" అనేవారు. అది గీసిపెడితే, బాగుంది, కానీ ఇప్పుడు ఆ కోపం కాస్త తగ్గుతుండగా ఒకటి కావాలనేవారు. ఇంట్లో పాలు పొంగుతున్నా ఆవిడ కళ్ళ ముందు గుమాస్తా ముఖమే ఆడుతుండేది. ఈయన కొమ్మలు నరికేవాడు ఎప్పుడొస్తాడా అని ఆవిడ చాలాసార్లు అనుకుంది. పైకి కూడా అంది. ఆయన నొచ్చుకోలేదు సరికదా, నరికేవాడు వస్తే ఏం జరుగుతుందో నాలుగు రకాలుగా చెప్పారు.

ఒకసారి మాస్టారి భార్య భోజనం క్యారియర్ ఇవ్వడానికి వచ్చినప్పుడు బొమ్మలావిడ ఉండబట్టలేక, ఇంట్లో కూడా ఇంతేనా అని అడిగింది. మాస్టారమ్మ తాపీగా కూర్చుని చెప్పింది. "పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి వచ్చినప్పుడే ఇంత. చేసుకుంటానను, చేసుకోనను, ఆలోచిస్తానను, లేదంటే ఏమీ అనకు అన్నాడు. నాకు భయమేసి ఏమీ అనలేదు."

"మరి?"

"మరేముంది, కూర్చున్నాడు. మా నాన్న దగ్గర పేపరు తీసుకుని చదువుకున్నాడు, మా అమ్మకి బీరువా తలుపు బాగుచేసి పెట్టాడు. నేను నోరు విప్పేసరికి దీపాలు పెట్టే వేళయింది. వెళ్ళిపోతాడేమోనని ఒకటికి రెండుసార్లు తొంగి చూశాను, వెళ్ళలేదు."

బొమ్మలావిడ కడుపుబ్బ నవ్వింది. బీరువా తలుపు సంగతి చాలారోజులు బడిలో చెప్పుకున్నారు. ఆ మాటలో నవ్వుకి మించింది ఏదైనా ఉందని అప్పటికి ఆవిడకి తట్టలేదు.

అసలు గొడవ ఈ నాలుగో జవాబుతోనే వచ్చింది. మాస్టారు రాసే ప్రతి పాఠంలో, ప్రతి ప్రశ్న కింద, మూడు జవాబుల తరవాత నాలుగో బటన్ ఒకటి ఉంటుంది. దాని మీద 'ఏమీ మాట్లాడను' అని రాసి ఉంటుంది. అది నొక్కితే తెర మీది మనిషి కసురుకోడు, వెళ్ళిపోడు. ఫైళ్ళు సర్దుకుంటాడు, కుర్చీ చూపిస్తాడు, వాన వచ్చేలా ఉందంటాడు, తన సంగతులు ఏవో చెప్తాడు, కాసేపాగి అదే ప్రశ్న ఇంకాస్త తేలిక మాటల్లో అడుగుతాడు. మళ్ళీ నాలుగో బటన్ నొక్కితే మళ్ళీ ఆగుతాడు. అన్ని కొమ్మల్లోకీ పొడుగు కొమ్మ అదే. అంటే బొమ్మలావిడ గీయాల్సిన ముఖాల్లో సగం, ఎవరూ మాట్లాడనప్పుడు ఎదుటిమనిషి పెట్టే ముఖాలే.

బడికి కొత్తగా వచ్చిన మేనేజరుగారు మాట ఖర్చుపెట్టే మనిషి కాదు. ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగాలకి ఇంటర్వ్యూలున్నాయనీ, సాయంత్రం క్లాసులోవాళ్ళు కొందరు వెళ్తున్నారనీ మాస్టారు ఇంటర్వ్యూ పాఠం రాసి చూపిస్తే, మేనేజరుగారు అంతా నొక్కి చూసి నాలుగో బటన్ దగ్గర ఆగిపోయింది.

"మాట్లాడటం నేర్పే బడిలో, మాట్లాడకుండా ఉండటానికి బటన్ ఏమిటండీ?" అని అడిగింది.

మాస్టారు జవాబు మొదలుపెట్టారు. మొదటి కారణం, రెండో కారణం అంటూ వేళ్ళు మడుస్తుండగానే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. నిజం ఇంటర్వ్యూలో నోరు విప్పకపోతే బయటికి పొమ్మంటారు, మనం ఇక్కడ బీరువా తలుపులు బాగుచేస్తూ కూర్చుంటే వాళ్ళ ఉద్యోగాలు పోతాయంది. ఆ కథ ఆవిడ దాకా వెళ్ళిందన్నమాట. బటన్ తీసేయమంది. మాస్టారు తీయనన్నారు. ఆయన ఒక్క మాటలో జవాబు చెప్పడం బొమ్మలావిడ వినడం అదే మొదటిసారి.

తీయకపోతే ఇకమీద పాఠాలు వేరేవాళ్ళు రాస్తారని మేనేజరుగారు అంది. ఆవిడ మనసు చెడ్డది కాదు, అందుకని ఒక మాట కలిపింది. సాయంత్రం క్లాసుకి తానే వస్తుంది, ఆ బటన్ వల్ల ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాటైనా నేర్చుకున్నట్టు కనబడితే అది ఉంటుంది. లేదంటే బటన్ పోతుంది, బటన్‌తో మాస్టారూ పోతారు. పొడుగు కొమ్మ పోతే సగం ముఖాలు తగ్గుతాయని బొమ్మలావిడకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. వెంటనే పక్క కుర్చీ ఖాళీగా ఎలా ఉంటుందో ఊహించుకుంది, వచ్చిన ప్రాణం మళ్ళీ దిగిపోయింది.

ఆ క్లాసులో ఇద్దరు అక్కచెల్లెళ్ళుండేవారు. ఇంటర్వ్యూ చెల్లెలిది, చదువు చెల్లెలిది, మాటలన్నీ అక్కగారివి. అక్కగారు బడిలో చేరలేదు, ఊరికే తోడు వచ్చేది. టీచరు చెల్లెలి పేరడిగితే అక్కగారు చెప్పేది, ఏం పని చేస్తావంటే అక్కగారు చెప్పేది, నిన్న ఎందుకు రాలేదంటే దానికీ అక్కగారే చెప్పేది, కొంచెం కల్పించి కూడా చెప్పేది. చెల్లెలు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది. లోపల ఇంటర్వ్యూకి అక్కగారిని రానివ్వరు. అది తెలిసిన రోజునుంచీ అక్కగారు, నోరున్నవాడిదే రాజ్యం, దీనికి రాదు ఆ ఉద్యోగం అని చెల్లెలి ముందే పదిమందికీ చెప్తూ తిరిగింది.

ఆ సాయంత్రం మేనేజరుగారు, మాస్టారు, బొమ్మలావిడ వెనక వరసలో నిలబడ్డారు. అందరూ ఇంటర్వ్యూ పాఠం తెరిచారు. చకచకా మొదటి బటనో రెండో బటనో నొక్కుకుంటూ పోతున్నారు, నాలుగోదాని జోలికి పోయేవాడు లేడు. మేనేజరుగారు మాస్టారి వైపు చూసింది. మాస్టారు గోడ వైపు చూశారు. అంతలో అక్కగారికి ఫోనొచ్చింది. అక్కగారి ఫోను చెవిని పడితే ఊడదు, వరండాలోకి వెళ్ళిందంటే మెట్లూ వీధీ దాటుకుంటూ పోతుంది.

చెల్లెలు తెర ముందు ఒంటరిగా మిగిలింది. లాండ్రీ సూపర్‌వైజరు బొమ్మ, ఇంతకు ముందు ఏం పని చేశారని అడిగింది. చెల్లెలు వెనక్కి చూసింది. అక్క లేదు. నాలుగో బటన్ నొక్కింది. పరవాలేదు, తొందరేం లేదంది బొమ్మ. మళ్ళీ నాలుగోది. కుర్చీ కొంచెం ఇటు జరుపుకోండి, ఆ మూల గాలి రాదంది. మళ్ళీ నాలుగోది. ఆ అమ్మాయి వేలు సరిగ్గా ఎక్కడ నొక్కాలో చూసుకోకుండానే నొక్కుతోందని బొమ్మలావిడ గమనించింది. అంటే ఈ దారిలో ఇంతకు ముందు చాలాసార్లు నడిచింది. అక్కగారు నీళ్ళు తాగడానికో ఫోనుకో లేచిన ప్రతిసారీ, మిగతా పాఠాల్లో కూడా ఇదే నడక అయి ఉంటుంది. బొమ్మ అన్న ప్రతి మాటనీ చెల్లెలి పెదాలు చప్పుడు లేకుండా వెంట అంటున్నాయి.

"ఇదా నేర్చుకోవడం?" అని మేనేజరుగారు గొంతు తగ్గించి అంది. అడగడంలో ఇందాకటి ధాటీ లేదు.

చెల్లెలు మరోసారి నాలుగో బటన్ నొక్కింది. సూపర్‌వైజరు బొమ్మ కణతలు రాసుకుంటూ, పొద్దుటినుంచీ ఆ మిషన్ల మోతకి తలనొప్పిగా ఉందండీ అంది. ఆ ముఖం గీయడానికి బొమ్మలావిడ ఆదివారం పాడుచేసుకుంది. కింద నాలుగు బటన్లూ వెలిగాయి. చెల్లెలు దేన్నీ నొక్కలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. తెర వైపు కొంచెం వంగింది.

"మంచినీళ్ళు తాగండి" అంది, ఇక్కడి భాషలో, పైకి, స్పష్టంగా. కాస్త ఆగి, "కాసేపు కూర్చోండి. నేను ఉంటాను" అంది.

బొమ్మలావిడకి ఏడుపు రాలేదు గాని, విసుక్కుంటూ తిట్టుకుంటూ గీసిన ఆ ముఖాలన్నీ ఒక్కసారిగా ముద్దొచ్చాయి. మేనేజరుగారు వంగి తెరంతా వెతికింది.

"ఈ జవాబుకి బటన్ ఎక్కడుందండీ?"

"లేదండీ" అన్నారు మాస్టారు. "నాకు తట్టలేదు."

మేనేజరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అయితే ఐదోది పెట్టండి అని వెళ్ళిపోయింది.

క్లాసు అయ్యాక బొమ్మలావిడ అడిగింది, ఆ అమ్మాయి సంగతి మీకు ముందే తెలుసా అని. మాస్టారు వేలు మడిచారు. తెలుసనుకోవచ్చు, తెలియదనుకోవచ్చు, అని మొదలుపెట్టి, ఆవిడ చూపు చూసి ఆపేశారు. "కొత్త భాషలో నోరు తెరవాలంటే మాటలొక్కటే వస్తే చాలదమ్మా. మనకి మాట దొరికేదాకా ఎదుటిమనిషి లేచిపోడన్న నమ్మకం రావాలి. బయట అలా ఎవరు కూర్చుంటారు? పాఠంలోనైనా కూర్చోనీ అనుకున్నాను" అన్నారు. కాఫీ దగ్గరనుంచి పెళ్ళి దాకా ఆయన అడిగిన ప్రశ్నలన్నీ బొమ్మలావిడకి ఆ క్షణంలో గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ఆయన జవాబులు కల్పిస్తున్నారనుకుంది. కాదు, ఎవరూ ఇరుకున పడకుండా చోటు చేసి పెడుతున్నారు.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు అక్కగారు మెట్లు దడదడలాడిస్తూ బడికి వచ్చింది, వెనకాల చెల్లెలు. ఉద్యోగం వచ్చిందనీ, అక్కడి అసలు సూపర్‌వైజరు బొమ్మలో ఉన్నంత మంచిది కాదనీ, ఒక ప్రశ్న పోయినా మిగతావాటికి ఇది ఆగి ఆగి జవాబు చెప్పిందట అనీ, అన్నీ అక్కగారే చెప్పింది. అక్కడితో ఆగి, కుర్చీలో కూలబడింది.

"ఇన్నేళ్ళూ దానికీ నాకూ కలిపి నేనే మాట్లాడాను మాస్టారూ. చిన్నప్పుడు అది మాట్లాడబోతే అందరూ నవ్వేవాళ్ళు, నవ్వేలోపలే నేను అందుకునేదాన్ని. అలా అలవాటైపోయింది. ఇప్పుడు ఆపమంటే నోరు వినడం లేదు. నోరు మూసుకోవడం నేర్పే పాఠం ఏదైనా ఉందా మీ దగ్గర?"

ఈసారి మాస్టారు ఏ జవాబులూ ఇవ్వలేదు. కుర్చీ చెల్లెలి వైపు తిప్పుకుని, "ఈవిడ ఎవరమ్మా?" అని అడిగి ఊరుకున్నారు.

అక్కగారి నోరు తెరుచుకుంది. మాస్టారు ఆవిడ వైపు చూడలేదు. అక్కగారు చేతిసంచి పట్టీని గట్టిగా పట్టుకుని నోరు మూసుకుంది. చెల్లెలు ఆలోచించుకుంది. కింద మందుల షాపులో ఎవరో బిల్లు గురించి వాదించుకోవడం అంతా వినబడింది. మాస్టారు కూర్చునే ఉన్నారు.

"మా అక్క" అంది చెల్లెలు. కాసేపాగి, "నాకు భయమేసినప్పుడు నా మాటలు ఈవిడ దాచిపెట్టింది. ఇప్పుడు తిరిగి ఇస్తోంది" అంది.

అవునండీ, అని అక్కగారు అందుకోబోయి, చటుక్కున రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పైన కళ్ళు మాత్రం ఆపకుండా మాట్లాడేస్తున్నాయి. బొమ్మలావిడ పెన్సిలు అందుకుని, ఎవరూ అడక్కుండానే ఆ ముఖం గీయడం మొదలుపెట్టింది.