లువా పిన్ని ఎదురు దొంగతనం

క్వాన్‌లాన్ దీవిలో ఇసుక పురుగుల కోసం సముద్రపు బురద తవ్వే ఆడవాళ్ళందరూ ఒకేలా కనబడతారు. ఆకుటోపీ, కళ్ళు తప్ప ముఖమంతా చుట్టుకున్న గుడ్డ, భుజాన పార. అయినా లువా పిన్నిని ఎంత దూరాన్నుంచైనా పోల్చుకోవచ్చు, ఎందుకంటే ఆవిడ నోరు ఊరుకోదు. ఇసుక పురుగు కన్నం చూసి లోపల పురుగుందో లేదో ఇట్టే చెప్పేస్తుంది. కన్నం గోడ తుప్పు రంగులో ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు, నల్లగా ఉంటే కొంప ఖాళీ.

అంతటి మొనగత్తెను పోయిన ఏడు ఖ్వాత్ కూలికి పిలిచాడు. ఆల్చిప్పలు పెంచడానికి బురదలో కొంత మేర చుట్టూ వల కట్టుకున్నాడతను. పురుగులు చిప్ప పిల్లల్ని బతకనివ్వవని అతని గట్టి నమ్మకం.

"ఒక్కటి కూడా మిగలకూడదు పిన్నీ."

పిన్ని మిగల్చలేదు. కూలికి కూలీ, పురుగులకు పురుగులూ. కొన్ని ఎండబెట్టి అమ్మింది, కొన్ని వేయించుకుని చప్పరించింది. పురుగు లేని బురద చచ్చిపోతుందని ఆవిడకు తెలుసు. అంత వాగుడుకాయా ఆ ఒక్క ముక్క దగ్గర మాత్రం నోరు కుట్టేసుకుంది.

వేసవికల్లా వల లోపలి బురద మసిలా నల్లబడింది. కుళ్ళిన గుడ్ల కంపు. చిప్పలు చచ్చి నోళ్ళు తెరిచేశాయి. తవ్వేవాళ్ళే మందు కలిపారనీ, ఇక ఎవర్నీ బురదలోకి దిగనివ్వొద్దనీ ఖ్వాత్ ఊరి కమిటీకి అర్జీ పెట్టాడు. నెల తిరగ్గానే విచారణ. అది నెగ్గితే నలభై ఇళ్ళలో పొయ్యి వెలగదు. పిన్ని బుట్ట అందుకుంది.

అప్పట్నుంచి సముద్రం వెనక్కి తగ్గిన ప్రతిసారీ నిండు బుట్టతో వల కింద దూరడం, ఖాళీ బుట్టతో బయటికి రావడం. నోరు విప్పితే పట్టుబడిపోతానని, పాపం, దగ్గు కూడా మింగేది.

విచారణ రోజు కమిటీ పెద్దలు బురదలోకి దిగేసరికి పిన్ని వల కింద నుంచి పాక్కుంటూ వస్తోంది.

"దొరికింది దొంగ! బుట్ట చూపించు!" ఎగిరాడు ఖ్వాత్.

బుట్ట బోర్లించింది. చుక్క నీళ్ళు తప్ప ఏమీ రాలలేదు.

"ఏం ఎత్తుకెళ్తున్నావ్?"

"ఎత్తుకెళ్ళడమా? ఇచ్చిపోతున్నాన్రా అబ్బాయ్! సముద్రం వైపు మూల తవ్వి చూడు."

కమిటీ పెద్దాయన తవ్వించాడు. నల్లటి బురదలో అక్కడక్కడా తుప్పు రంగు గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక్కో పురుగు. ఆ పక్కనే నోళ్ళు గట్టిగా మూసుకున్న చిప్పలు.

"లోపల కూర్చుని నీళ్ళు తోడుకుంటాయిరా పురుగులు. ఆ నీళ్ళతో పాటే కిందికి గాలి పోతుంది. మందూ లేదు, మాకూ లేదు. గాలాడక బురద చచ్చిందంతే."

"ఇదంతా తెలిసే తవ్వావా? అప్పుడే ఒక్క మాట చెప్పొచ్చుగా పిన్నీ!"

అందరూ ఆవిడ వంక చూశారు. పిన్ని ముఖానికున్న గుడ్డ విప్పేసింది. సిగ్గుతో చెంపలు ఎర్రబడి ఉన్నాయి.

"ఆశపడ్డాన్రా. నీ పురుగులు మరీ బొద్దుగా ఉన్నాయి."

ఖ్వాత్‌కు తిట్టాలనిపించింది గానీ నవ్వొచ్చింది. అర్జీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇక పిన్ని పాక్కుంటూ దూరే పని లేకుండా, వంగి వల ముడి విప్పడం మొదలెట్టాడు. అటుపక్క ముడి పిన్ని విప్పింది.