వంశధార దాటిన మామిడి అంటు

విజయనగరం నుంచి శ్రీముఖలింగం వెళ్లడం కష్టమేమీ కాదు. పొద్దున్న పాసింజరు ఎక్కి తిలారు స్టేషన్లో దిగితే అక్కణ్ణించి ఎడ్లబండి దొరుకుతుంది. మా ప్రయాణం కష్టమైందంటే, అది మాతో వచ్చిన మూడో ప్రయాణికుడి వల్ల. ఆ ప్రయాణికుడు మట్టికుండలో నిలబడ్డ మూరెడు మామిడి అంటు.

యుద్ధం రోజులవి. మా మేనమామ పైడయ్యకి విజయనగరంలో మిరపకాయల కొట్టు ఉండేది. పెరట్లో మా తాతగారు వేసిన మామిడిచెట్టు. దాని పండు తిన్నవాళ్లు బెల్లాన్ని చులకనగా చూసేవారు. ముందటేడు గాలివానకి ఆ చెట్టు పక్కకి ఒరిగి, సగం వేళ్ల మీద మూణ్ణెల్లు బతికింది. ఆ మూణ్ణెల్లలోనే మావయ్య తోటమాలిని పిలిపించి దాని కొమ్మలకి అంటులు కట్టించాడు. చెట్టు పోయింది. అంటుల్లో ఒక్కటే నిలిచింది.

అదే గాలివానకి వంశధార ఇవతలి ఒడ్డున మా చిన్నమ్మ సత్తెమ్మ తోట నేలమట్టమైంది. పెనిమిటి పోయాక ఆ తోటనే నమ్ముకుని బతికిన మనిషి. "ఆ దిబ్బ మీద ఇంకేటీ మొలవదు, నేనేటీ ఎయ్యను" అని కబురంపింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మావయ్యకి అన్నం సయించలేదు. ఉన్న ఒక్క అంటూ చెల్లెలికే ఇస్తానన్నాడు.

"మరి మన పెరట్లోకో?" అంది అత్తయ్య.

"మనకి బెల్లం ఉన్నాది కదే" అన్నాడు.

ఇక్కడ మావయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఆయనకి నీళ్లంటే ప్రాణభయం. చెరువులో కాలు పెట్టగా చూసినవాళ్లు లేరు. ఇంట్లో చెంబుతో పోసుకునే స్నానానికి కూడా అత్తయ్య పక్కన నిలబడాలి. నిజానికి తిలారుకి ముందొచ్చే చికాకోల్ రోడ్డు స్టేషన్లో దిగితే ఏరు దాటకుండా బండి దారినే చిన్నమ్మ ఊరు చేరవచ్చు. కానీ అంటుని ముందు అవతలి ఒడ్డున శ్రీముఖలింగంలో ఉన్న ముఖలింగేశ్వరుడికి చూపిస్తానని మావయ్య మొక్కుకున్నాడు. మొక్కుకున్నాక గానీ మధ్యలో వంశధార ఉన్నట్టు గుర్తు రాలేదు.

తొలకరి పడిన వారానికి బయల్దేరాం. మూడో తరగతి పెట్టెలో కాలు పెట్టడానికి చోటు లేదు. నేను ఎలాగో ఒక సీటు సంపాదిస్తే మావయ్య అందులో అంటుని కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. చీపురుపల్లి దాటాక టికెట్ల ఆయన వచ్చాడు.

"దీనికి టికెట్టేదీ?"

"ఒళ్లో పిల్లండి. మూడేళ్లు నిండలేదండి" అన్నాడు మావయ్య చేతులు కట్టుకుని.

ఆయన అంటుని తేరిపార చూశాడు. "మాటలొచ్చాయా?"

"ఇంకా రాలేదండి."

"వచ్చాక కొనండి" అని ఆయన నవ్వకుండానే ముందుకి పోయాడు.

పొందూరులో వడికిన నూలు మూటతో ఒక ముసలమ్మ ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే కుండలో వేలు పెట్టి చూసి మావయ్య మీద పడింది. "ఏటి బావూ, పిల్ల దాహంతో సచ్చిపోతంటే సూస్తూ నిల్సున్నావేటి?" తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ అందులో పోసేసింది. తర్వాత ఎండ పొడుగునా ఆమె నాలుకతో పెదాలు తడుపుకుంటూ కూర్చుంది. మావయ్య దణ్ణం పెట్టబోతే, "కాసినాక ఈ బండిలో ఎల్లినప్పుడు మా టేసన్లో ఒక పండు ఇసిరీ, సాలు" అంది.

తిలారులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. స్టేషన్ పక్క చింతచెట్టు కింద చద్దన్నం, ఉల్లిపాయ తిని బండి మాట్లాడుకున్నాం. బండివాడు మంచివాడు, ఎడ్లు మాత్రం తొందరపడే రకం కాదు. చీకటిపడే వేళకి శ్రీముఖలింగం చేరాం. సత్రంలో చోటుంది. గుడిలో వీణ వాయించే వారింట్లో వేడి అన్నం, పప్పుచారు పెట్టారు. వెళ్లేవాళ్లు చాప తీసుకెళ్లడం మంచిది. పొద్దున్నే పూజారిగారు అంటుకి బొట్టు పెట్టి, గోత్రం అడిగారు. మావయ్య తన గోత్రమే చెప్పాడు.

ఇక రేవు. వంశధారలో కొత్తనీరు ఎర్రగా తిరుగుతోంది. అడుగు కనిపించదు. చిన్న పడవ. సరంగు పేరు రాములు. మేం కాక చిన్నమ్మ ఊరికే చెందిన ఒక మేకల ఆవిడ, ఆమె మేక. మావయ్య పడవ మధ్యలో కూర్చుని కుండని కావలించుకుని కళ్లు మూసుకున్నాడు.

నడి ఏటికి వచ్చేసరికి అడుగు పలక ఒకటి వదులైంది. నీళ్లు బుడబుడా లోపలికి వచ్చాయి. నేను దోసిళ్లతో తోడుతున్నాను. మేక అరుస్తోంది.

"బరువు తగ్గించండి! సామాను ఏట్లో ఇసిరీండి!" అని రాములు కేక వేశాడు.

ఉన్న సామానల్లా మట్టితో నిండిన ఆ కుండ. అందరం దాని వైపే చూశాం. మేకల ఆవిడ చెయ్యి చాపింది కూడా. మావయ్య కళ్లు తెరిచి మా మొహాలు చూశాడు, ఏరు చూశాడు. ఆయన పెదాలు తెల్లబడిపోయాయి. కుండ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఒరే, ఇది మీ సిన్నమ్మకి అప్పజెప్పు. గొయ్యి మోకాలు లోతు తియ్యమను. గెత్తం ఎరువు ఎయ్యమను. పచ్చి గెత్తం కాదు, ఏడాది మాగిన గెత్తం. పచ్చి పేడ వేడి చేస్తాది. అంటు కట్టిన కాడ మట్టి తగలకూడదు. మేకల్ని రానీకండి. మీ అత్తకి సెప్పు..." అని, అత్తయ్యకి ఏం చెప్పాలో తోచక ఆగిపోయి, "గెత్తం మరిచిపోకు" అన్నాడు.

"మావా, ఏటి సేస్తన్నావు?" అని నేను పంచె పట్టుకునే లోపే కండువా అంటు మీద కప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, "ముఖలింగేశ్వరా!" అంటూ ఏట్లోకి దూకేశాడు.

నేను ఏడ్చేశాను. మేకల ఆవిడ గుండెలు బాదుకుంది. నీళ్లలోంచి మావయ్య తల పైకి లేచింది. చేతులు టపటపా కొట్టుకుంటూ, "పోయాన్రా! పోతన్నాన్రా! మొక్క జాగర్త!" అని అరుస్తున్నాడు.

"బావూ, కళ్లు తెరువు. నిల్సునే ఉన్నావు" అన్నాడు రాములు.

మావయ్య ఒక కన్ను తెరిచాడు. నీళ్లు నడుము దాకా ఉన్నాయి.

"ముందే సెప్పొద్దేట్రా!"

"అప్పుడు లోతే బావూ. తాటిసెట్టు మునుగుతాది. నువ్వు గెత్తం గురించి సెప్తన్నంతసేపూ పడవ కొట్టుకొచ్చి ముక్కు ఇసకదిబ్బ మీదకెక్కీసినాది."

ఆ మాటకి మావయ్య పడవ అంచుని రెండు చేతులా పట్టేసుకున్నాడు. నేనూ దిగాను, మేకల ఆవిడా దిగింది, మేకని దింపింది. పడవ తేలికై లేచింది. అక్కణ్ణించి నడుం లోతే కాబట్టి అందరం కలిసి అవతలి ఒడ్డుకి తోశాం.

మా కేకలకి ఊళ్లోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో చిన్నమ్మ ఉంది. నడుం లోతు వంశధారలో పడవ తోస్తున్న అన్నని చూసి ముందు నమ్మలేదు. తర్వాత చీర తడుస్తున్నా నీళ్లలోకి దిగొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "సెంబునీళ్లకి జడిసే నువ్వా అన్నా!" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

అంటుని చూశాక మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఇది కాసేనాటికి నేనుంటానేటి?"

"నిన్ను తినమన్నానేటి? నీల్లు పొయ్యడానికి ఉండు, సాలు" అన్నాడు మావయ్య, ముక్కు చీదుకుంటూ.

చిన్నమ్మ మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లింది. లోపలికి వెళ్లి గునపం తెచ్చింది. గొయ్యి ఆమే తవ్వింది. మోకాలు లోతు సరిపోదని ఇంకొంచెం తవ్వింది. మాగిన గెత్తం మేకల ఆవిడ ఇచ్చింది, తన మేకని ఆ వైపు రానివ్వనని ఒట్టు కూడా వేసింది. చుట్టూ ముళ్లకంప కట్టే వేళకి పొరుగావిడ ఏదో అడిగితే, చిన్నమ్మ, "దీని పక్కన కూడా ఏదో ఒకటి ఎయ్యాల, ఒక్కతీ ఉంటే బెంగెట్టుకుంటాది" అనడం విన్నాను.

రెండు రోజులున్నాం. తిరుగు ప్రయాణానికి రాములు పలక బాగు చేసి రేవులో ఎదురుచూస్తున్నాడని తెలిసి, మావయ్య రాత్రికి రాత్రే చికాకోల్ రోడ్డుకి బండి కుదిర్చేశాడు. ఒళ్లు హూనమయ్యే దారి. నడుములు బాగున్నవాళ్లే అటు రావాలి. మావయ్య మాత్రం ఒక్క కుదుపుకీ విసుక్కోలేదు.

చికాకోల్ రోడ్డులో రైలు దొరికింది, సీటూ దొరికింది. నాగావళి వంతెన మీదకి రైలు ఎక్కగానే మావయ్య కిటికీ దగ్గర్నుంచి లేచి, నన్ను అటు తోసి, నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కింద నీళ్లు పెద్దగా లేవు. ఆయన అరచెయ్యి చెమటతో చల్లగా ఉంది. ఈ భయాన్నంతా ఒంటి మీద పెట్టుకునే ఆయన తాటిచెట్టు లోతనుకున్న నీళ్లలోకి దిగాడని అప్పుడు నాకు బోధపడింది.

"అయిపోనాదేట్రా?" అన్నాడు కళ్లు తెరవకుండా.

వంతెన ఇంకా సగం ఉంది.

"అయిపోవచ్చింది మావా" అని, నా రెండో చెయ్యి కూడా ఆయన చేతి మీద వేశాను.