చెలమ దగ్గర పక్కకు తప్పుకున్నదెవరు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నా కూతురి మీద ఒట్టేసి చెబుతున్నా... ఇది నాకే జరిగింది.

డెబ్బైల చివర్లో జగ్గయ్యపేట దగ్గర ఒక లంబాడీ తండాలో పంతులమ్మగా పనిచేశాను. మా ఆయన నందిగామ కోర్టులో గుమాస్తా. ఆదివారాలు వచ్చి వెళ్ళేవారు. ఆ వేసవి పాలేరు వాగు ఎండిపోయింది. తండా మొత్తానికి ఏటి ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే దిక్కు. సాయంత్రం బిందెలు నింపుకున్నాక అందరూ దాని చుట్టూ కూర్చునేవాళ్ళు. ఎవరూ పలికేవాళ్ళు కాదు. అడుగున నీళ్ళు మళ్ళీ ఊరే చప్పుడు వింటూ, చీకటి పడేదాకా అలాగే...

ఎందుకని పక్కింటి ధర్మి అవ్వను అడిగాను.

“మన వంతు అయిపోయింది పంతులమ్మా. రాత్రి వేరేటోళ్ళది,” అంది.

నక్కలూ కుందేళ్ళూ కాబోలనుకున్నాను.

ఒక రాత్రి మా పిల్లకు జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. కుండ పగిలి ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. అవ్వను లేపడానికి మొహమాటం. పిల్లను భుజాన వేసుకుని, లాంతరు, చెంబు పట్టుకుని ఏట్లోకి దిగాను.

చెలమ దగ్గర... గుటక. మళ్ళీ గుటక...

ఎవరో తాగుతున్నారు. ఒకరు కాదు, చాలామంది. నిదానంగా. లాంతరు ఎత్తాను. ఎవరూ లేరు. నీటి మీద వలయాలు మాత్రం కదులుతున్నాయి.

“అమ్మా, నీళ్ళు,” అని మూలిగింది పిల్ల.

చప్పుడు ఆగిపోయింది.

తర్వాత... ఇసుక నలిగింది. అటు కాస్త... ఇటు కాస్త... నాకు దారి ఇస్తున్నట్టు. చుట్టూ ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు. చెంబు ముంచి పిల్లకు పట్టాను. నాలుగడుగులు వెనక్కి వేశానో లేదో... మళ్ళీ గుటక.

తెల్లారి చూస్తే ఇసుకలో నా అడుగులే ఉన్నాయి.

అవ్వకు చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

“పిల్ల దూప అన్నది గదా. తప్పుకున్నరు,” అంది.

సిగ్గుతో నా తల వాలిపోయింది. నా గడప దగ్గర దాహమడిగినప్పుడు ఆ అవ్వకు ఏనాడూ చెంబు చేతికివ్వలేదు నేను. మా అత్తగారు నేర్పినట్టు, తాకకుండా పైనుంచి దోసిట్లో పోసేదాన్ని. ఆవిడ అలాగే వంగి తాగి, చల్లగా ఉండమని దీవించి వెళ్ళేది. ఆ పొద్దున ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

గాలి అయి ఉంటుందన్నారు మా ఆయన. ఏమో... ఇప్పటికీ తెలియదు. గాలి నీళ్ళు తాగుతుందా అండీ? తాగినా, మన కోసం పక్కకు తప్పుకుంటుందా?