కిటికీ మీద నాయకుడు

తెలంగాణ ఉద్యమ పాటలు పాడుతూ ఊరూరా తిరిగే మా బృందం కోసం ట్రాక్టర్ ట్రాలీ మీద రేకులతో చిన్న గది కట్టాను. ఎండకు లోపల ఉడికిపోతున్నారని ఒకవైపు కూలర్ బిగించి, గాలి బయటకు పోవడానికి ఎదురుగా కిటికీ కోశాను.

ఈ రోజు రఘునాథపల్లిలో బయల్దేరే ముందు మా నాయకుడి మనుషులు వచ్చి, సరిగ్గా ఆ కిటికీ మీదే ఆయన ఫ్లెక్సీ కట్టారు. వద్దన్నా వినలేదు. లింగాల ఘనపూర్ చేరేసరికి లోపలంతా ఆవిరి. డప్పు తోలు చెమ్మకు మెత్తబడింది. పాడే సోమక్క వాంతి చేసుకుని కూలబడింది. బ్లేడు తీసుకుని కిటికీ మేర ఫ్లెక్సీని కోసేశాను.

సాయంత్రం సభకు నాయకుడు వచ్చాడు. ఏసీ కారు దిగకుండానే అద్దం దించాడు.

"నా ఫొటో ఎవడు కోసిండు?"

"నేనే అన్నా. లోపల ఊపిరాడక అక్కకు పానం బాగలేకుండైంది."

"జర ఓర్చుకుంటే ఏమైతది? ఉద్యమమంటే గిట్లనే ఉంటది" అని అద్దం ఎక్కించుకున్నాడు.

సోమక్క వైపు చూడనైనా లేదు. ఛీ అనిపించింది. రేపు మిగతా వైపులకు కూడా ఫ్లెక్సీలు పంపుతాడట. ఆయన ముఖం పడని చోటు ఎక్కడైనా మిగిలితే చెప్పండి, అక్కడ ఇంకో కిటికీ కోస్తాను.