నాలుగు తీగలకూ బొట్టు

ఆ రోజుల్లో నాలాంటివాడికి చదువు రాకపోవడం తప్పు కాదు, రాదని ఒప్పుకోవడమే తప్పు. అంకెలు వచ్చని అబద్ధం చెప్పి చిత్తూరులో ఒక మెకానిక్ షెడ్డులో చేరాను. ఇరవై రెండేళ్లొచ్చినా పంక్చర్లే అతికించేవాణ్ణి. ఒకరోజు మా మేస్త్రి పిలిచి, "బంగారుపాళ్యం తోటాయన కారు శానా ఏండ్లుగా కొట్టంలో పడుండాది. పోయి ట్యూనింగు మొదలుపెట్టు. ఈ పొద్దు ఇంజను పలికితే రేపట్నించి స్పానరు నీ చేతికిస్తా. లేదంటే పంక్చర్లే నీ గతి" అన్నాడు. బస్సెక్కి దిగేదాకా నేనే ఒక మేస్త్రిని (మనసులో).

కారు నల్లది, వయసులో మా నాయన కంటే పెద్దది. వెనక సీట్లో కోడి పొదుగుతోంది. కొత్త బ్యాటరీ, పెట్రోలు తోటాయన ముందే తెప్పించి ఉంచాడు. ప్లగ్గులు శుభ్రం చేయాలంటే వాటి మీది నాలుగు తీగలూ పీకాలి. ఏ తీగ ఏ ప్లగ్గుదో తెలియాలంటే అంకెలు వేసుకోవాలి. నాకు ఒకటే వచ్చు (అది గీతే గదా). తోటాయన తల్లి దగ్గరికి పోయి పసుపు, కుంకుమ, నామంసుద్ద అడిగాను. "భక్తి ఉండే పిల్లోడు" అని అవ్వ మురిసిపోయింది. ముందు ప్లగ్గు తీగకు పసుపు, రెండోదానికి కుంకుమ, మూడోదానికి నామం పెట్టి, నాలుగోదాన్ని బోడిగా వదిలాను. ఇంత తెలివి మేస్త్రికి కూడా లేదనుకుంటూ నాలుగూ పీకేశాను.

ప్లగ్గులు తోమి, అవ్వ పెట్టిన సంగటి తిని వచ్చి చూస్తే, తీగలన్నీ తడిగుడ్డతో తుడిచి, నాలుగింటికీ ఒకే తీరున పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. "నాలుగోదాన్ని బోడిగా వదిలేస్తివే నాయనా, కండ్లకు బాగలేదు" అంది అవ్వ.

తోచినట్టు తగిలించి తాళం తిప్పాను. సైలెన్సరు ఫటేల్మంది. కోడి గుడ్లొదిలి ఎగిరింది. తీగలు మార్చాను, మళ్లీ ఫటేల్. మామిడికాయలు కోసేవాళ్లు చెట్లు దిగొచ్చి వరసగా నిలబడ్డారు. "కారు బాగు చెయ్యమంటే టపాకాయలు కాలుస్తాండావేందప్పా" అన్నాడు తోటాయన. "పాత కారు గదన్నా, గొంతు సవరించుకుంటాండాది" అన్నాను. మూడోసారీ అంతే. "ఉండు, మీ మేస్త్రికి ఫోను చేస్తా" అని ఆయన ఇంట్లోకి నడిచాడు.

నా కండ్ల ముందు పంక్చర్లు తిరిగాయి. "నాకు అంకెలు రావవ్వా. ఆ బొట్లే నా అంకెలు" అని గొణిగాను.

అవ్వ నవ్వలేదు. "ఆ మాట ముందే ఏడ్చుంటే ఏం పోయె? నాకూ రావు" అని తీగలు ఒక్కొక్కటే పట్టి చూసింది. "కొన కాలినదానికి పసుపు ఉండె. ఎలక కొరికినదానికి కుంకుమ. ఈ వంకరదానికి నామం. మిగిలింది బోడిది. తుడిచింది నేనే గదరా. రాసుకోలేనోళ్లం, చూసిందన్నా గుర్తుపెట్టుకోవద్దా?"

ఆమె చెప్పినట్టే తగిలించాను. ఇంజను దగ్గింది, వణికింది, పలికింది. కిటికీలోంచి తోటాయన గొంతు వినిపించింది: "ఏం లేదు మేస్త్రీ, పలికింది, అది చెప్పేదానికే చేసినా."

బయల్దేరేటప్పుడు అవ్వ అంది: "అంకెలు నేర్చుకో నాయనా. బొట్టయితే ఎవురన్నా తుడిచి మళ్లా పెడతారు. అంకె జోలికి ఎవురూ పోరు."

నేర్చుకున్నాను, నలభై దాటాక. మొన్న చంద్రగిరిలో అలాంటిదే ఒక ముసలి కారు బానెట్టెత్తి, తీగలకు నా చేత్తో ఒకటి, రెండు, మూడు, నాలుగు రాశాను. మూడు కాస్త వంకర పోయింది. తర్వాత చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నాలుగోదానికి ఇంత కుంకుమ పెట్టాను. బోడిగా ఉంటే కండ్లకు బాగలేదు.