మోటారు నాడి

గమ్హరియా కార్ఖానాల్లో నేను నాడి పట్టని మోటారు లేదు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకీ పిడి చెవికీ ఆనించానంటే, లోపల ఏ బేరింగు పోయిందో ఇట్టే చెప్పేసేవాణ్ని. సరే, సగం సార్లు ఊహించి చెప్పినవే అనుకోండి.

ఈ మధ్య నడివేసవిలో మా గోవింద్‌పూర్ వీధి నీళ్ల మోటారు మొరాయించింది. అది కాలిపోతే వీధి మొత్తానికి నీళ్లుండవు. "ఉస్తాద్‌జీ, జరా దేఖియే" అని, కాస్త చూసిపెట్టమంటూ వీధివాళ్లు నన్ను లాక్కెళ్లారు. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు ఊపిరి బిగబట్టి, "వెనక బేరింగు" అన్నాను. విప్పితే అదే! వీధంతా వాహ్ వాహ్.

ఇంటికొచ్చాక మా ఆవిడ దగ్గర నిజం ఒప్పుకున్నాను. నేను ఆనించింది రెండేళ్లుగా వినపడని కుడి చెవికి. మోటారు వెనక వేపు చెయ్యి పెడితే చుర్రుమంది. అలా కనిపెట్టాను.

ఆవిడ తాలింపు గరిటె పక్కన పెట్టింది.

"చెయ్యేటి, చుర్రుమనడవేటి? రోజూ ఆ స్విచ్చి ఏసేది నేను. వెనకేపు గరగరమంటందని వారం నుంచి మీతో మొత్తుకుంతన్నాను. ఆ ముక్కే అక్కడికెల్లి చెప్పొచ్చారు."